రైజోబియం పొడి ప్యాకెట్: ఏ చేనుకు కొనాలి, ఏ చేనుకు అక్కర్లేదు

రైజోబియం అంటే పప్పుజాతి మొక్కల వేళ్ల మీద బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా. దీని 200 గ్రాముల పొడి ప్యాకెట్ ఎరువుల కొట్లలో దొరుకుతుంది. అమరావతి వ్యవసాయ పరిశోధన స్థానంలాంటి విశ్వవిద్యాలయ కేంద్రాలు కూడా తయారుచేస్తాయి. సోయాచిక్కుడు మొదటిసారి వేస్తున్న చేనుకైతే ఇది తప్పనిసరి, అవసరానికి నేనిచ్చేది 5కి 5 మార్కులు. శనగ ఎన్నడూ వేయని నల్లరేగడికీ, వరి కోసిన మాగాణిలో మినుముకీ 4. కందికి 3. ఏటా వేరుశనగే పండే అనంతపురం ఎర్రనేలకు 2, అదీ ధర తక్కువ కాబట్టి.

ఒకే ప్యాకెట్‌కు ఇన్ని రకాల మార్కులు ఎందుకో తెలియాలంటే వేరు దగ్గర జరిగేది చూడాలి. సోయా మొక్క వేరు జెనిస్టీన్, డైడ్జీన్ అనే పదార్థాలను మట్టిలోకి వదులుతుంది. తనకు సరిపడే బ్యాక్టీరియా వాటిని గుర్తుపట్టి బదులుగా మరో రసాయన సంకేతం పంపుతుంది. అప్పుడు వేరు మీది సన్నటి నూగు ముడుచుకుని బ్యాక్టీరియాను లోపలికి రానిస్తుంది, అక్కడ బుడిపె కడుతుంది. వేరుశనగలో దారి వేరు: పక్కవేర్లు పుట్టేచోట ఏర్పడే పగుళ్లలోంచి లోపలికి పోతుంది. అందుకే అందులో బుడిపెలు పక్కవేరు మొదట్లోనే కనిపిస్తాయి. సోయాకు పనికొచ్చే జాతి శనగ వేరుకు అక్కరకు రాదు, శనగది సోయాకూ రాదు. వేరుశనగ, కంది, మినుము, పెసర మాత్రం మన నేలల్లో సహజంగా ఉండే పెద్ద బ్యాక్టీరియా గుంపుతో సర్దుకుపోతాయి. కాబట్టి ఏళ్ల తరబడి వేరుశనగ పండిన చేలో ఆ గుంపు నిండుగా ఉంటుంది. ప్యాకెట్‌లోంచి వచ్చిన కొత్త బ్యాక్టీరియా కణం అక్కడ స్థిరపడిన వాటితో పోటీపడి వేరును చేరుకోవాలి, ఎక్కువసార్లు ఓడిపోతుంది. వరి మాగాణిలో కథ వేరు. నెలల తరబడి నిలిచిన నీటిలో గాలి అందక ఈ బ్యాక్టీరియా సంఖ్య పడిపోతుంది, అందుకే అక్కడ విత్తనంతోపాటు పంపడం ఫలిస్తుంది.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది పంట పేరు. "అన్ని పంటలకూ" అని రాసి ఉన్న రైజోబియం ప్యాకెట్‌ను తిరిగి ఇచ్చేయండి. వరికీ పత్తికీ ఇది బుడిపెలు కట్టదు, పప్పుజాతిలో కూడా పైన చెప్పినట్టు జాతి కలవాలి. తర్వాత తయారీ తేదీ. పొడికి మామూలుగా 6 నెలల గడువు ఇస్తారు. తేదీ మీద స్టిక్కర్ అతికించి ఉన్నా, సిరా చెరిగి ఉన్నా వద్దు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పొడిలో తేమ 30-40 శాతం ఉండాలి. కవర్ బయటినుంచి నొక్కితే కాస్త మెత్తగా, చెమ్మగా తగలాలి. బూడిదలా పొడిపొడిగా జారిపోతోందంటే కణాలు చాలావరకు పోయినట్టే. దుర్వాసన వస్తే వేరే సూక్ష్మజీవులు చేరాయని అర్థం. వీటన్నిటికంటే ముఖ్యం, కొట్లో ప్యాకెట్ ఎక్కడ ఉందన్నది. మే నెలలో రేకుల షెడ్డు కింద పురుగుమందుల డబ్బాల పక్కన నెలరోజులు మగ్గిన సరుకు గడువులో ఉన్నా లాభం లేదు. జూన్ మొదట్లో తాజాగా వచ్చిన పెట్టెలోంచి తీసుకోండి.

మోతాదు దగ్గర చాలామంది మోసపోతున్నది లెక్క వేయకపోవడం వల్లే. ప్రమాణం ప్రకారం గ్రాము పొడిలో కనీసం 5 కోట్ల కణాలుండాలి, అంటే 200 గ్రాముల ప్యాకెట్‌లో 1,000 కోట్లు. సోయా ఎకరాకు 30 కిలోల విత్తనం పడుతుంది. గింజ సగటున 0.12 గ్రాములు అనుకుంటే అవి రెండున్నర లక్షల గింజలు. ఎకరాకు ఒక్క ప్యాకెట్ కలిపితే గింజకు దక్కేది 40,000 కణాలు. సోయా గింజకు కావలసింది సుమారు లక్ష. అదే 10 కిలోల విత్తనానికి ఒక ప్యాకెట్ చొప్పున ఎకరాకు మూడు కలిపితే గింజకు 1,20,000 వస్తాయి, అదీ ప్యాకెట్ ప్రమాణానికి తగ్గట్టు ఉంటే. "ఎకరాకు ఒకటి చాలు" అని కొట్లో చెప్పే మాట సోయా విషయంలో సరికాదు.

కలిపే పద్ధతి తేలికే గానీ తొందరపడకూడదు. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 10 గ్రాముల బెల్లం లేదా పంచదార వేసి పది నిమిషాలు మరిగించి పూర్తిగా చల్లార్చాలి. వేడిగా ఉండగానే పోస్తే పనంతా వృథా. పరిచిన పట్టా మీద 10 కిలోల గింజలు పోసి ఈ పానకం చిలకరించి, ప్రతి గింజకూ తడి అంటాక పొడి చల్లి కలపాలి. పానకం ఎక్కువైతే గింజలు ముద్దకట్టి గొర్రులో ఇరుక్కుంటాయి, తక్కువైతే పొడి రాలిపోతుంది. బెల్లం బదులు తుమ్మజిగురు వాడితే పట్టు ఇంకా బాగుంటుంది. వేరుశనగ పప్పును చేత్తో రుద్దొద్దు. తడికి పైపొర ఊడి గింజ కుళ్లిపోతుంది. పట్టా అంచులు పట్టుకుని అటూఇటూ దొర్లించండి. అరగంట నీడలో ఆరబెట్టి ఆ రోజే విత్తేయాలి. ఎండలో ఆరబెట్టిన విత్తనం మీద మిగిలేది నల్లపొడి ఒక్కటే.

విత్తనశుద్ధి వరుస తప్పకూడదు: ముందు తెగులు మందు, అది ఆరాక పురుగుమందు, అదీ ఆరాక చివరగా రైజోబియం. మూడూ ఒకేసారి బక్కెట్లో కలిపితే ప్యాకెట్ డబ్బు పారబోసినట్టే. కాప్టాన్ అనే తెగులు మందు, రాగి ఉన్న మందులు ఈ బ్యాక్టీరియాకు మరీ హానికరం. తెగుళ్లను అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మాతో గొడవ లేదు. కంపెనీవాళ్లే మందు పట్టించి అమ్మే విత్తనమైతే గింజకు పట్టించడం మానేసి, ఎకరాకు 2 కిలోల పొడిని 100 కిలోల చివికిన పశువుల ఎరువులో కలిపి సాలులో పడేలా వేయడం మేలు. ఖర్చు పెరుగుతుంది గానీ కణాలు మందు బారిన పడవు. కల్చర్ (అంటే ఈ రైజోబియం మందు) పట్టించిన విత్తనాన్ని డీఏపీతో కలిపి గొర్రులో పోయడం కూడా ఇలాంటి తప్పే. ఎరువు ఉప్పు తగిలి కణాలు చస్తాయి.

ఇక యూరియా. మట్టిలో నైట్రేటు దండిగా దొరికితే మొక్క తనే బుడిపెలను తగ్గించుకుంటుంది, ఎందుకంటే బుడిపెను పోషించడానికి అది తన చక్కెరలు ఖర్చుపెట్టాలి. అందుకే వర్షాధార వేరుశనగకూ కందికీ ఎకరాకు 8 కిలోల నత్రజని, సోయాకు 12 కిలోలు మాత్రమే సిఫారసు చేస్తారు. అది మొలక నిలదొక్కుకునేదాకా సరిపోయే కూడు. విత్తేటప్పుడే బస్తా యూరియా చల్లి, పైన రైజోబియం కూడా పట్టించడం ఒకదానితో ఒకదాన్ని చెరుపుకోవడం. భాస్వరం మాత్రం తగ్గించొద్దు. బుడిపెలో నత్రజని తయారవడానికి శక్తి చాలా కావాలి, భాస్వరం చాలని నేలలో మంచి కల్చర్ కూడా గిడసబారుతుంది. నీరు నిలిచే చేలో కూడా అంతే, బుడిపెకు గాలి కావాలి.

ద్రవరూపం సీసాలు కూడా వస్తున్నాయి. మిల్లీలీటరుకు కనీసం 10 కోట్ల కణాలు ప్రమాణం, కాబట్టి 250 మిల్లీలీటర్ల సీసా రెండున్నర ప్యాకెట్లకు సమానం. గడువు సాధారణంగా ఏడాది. పానకం కాచే పని తగ్గుతుంది, ఎండదెబ్బకూ పొడికంటే తట్టుకుంటుంది. రెండూ దొరికితే సీసాకే నా ఓటు. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు, చల్లటి గదిలో నీడన ఉంటే చాలు.

పనిచేసిందో లేదో తెలియాలంటే చేలో నాలుగు సాళ్లు కల్చర్ లేకుండా వదలండి. 30-35 రోజులకు రెండు చోట్లా మొక్కలను పారతో మట్టిగడ్డతో సహా లేపి నీళ్లలో నానబెట్టి కడగాలి. పీకితే బుడిపెలన్నీ మట్టిలోనే ఉండిపోతాయి. సోయాలో తల్లివేరు మొదట్లో గుత్తులుగా ఉంటే అవి విత్తనానికి పట్టించినవి అయ్యే అవకాశం ఎక్కువ. చివరి పక్కవేర్ల మీద చెదురుగా ఉన్నవి నేలలోవి కావచ్చు. సంఖ్య చూసి సంతోషించకుండా బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ, ఎరుపు రంగు ఉంటే పనిచేస్తున్నట్టు. ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్‌ది, ప్రాణవాయువును అదుపులో ఉంచి నత్రజని తయారుచేసే ఎంజైమును కాపాడేది అదే. తెల్లగా ఉంటే లేతది కావచ్చు, వారం తర్వాత ఇంకోటి చీల్చి చూడండి. ఆకుపచ్చగా, బూడిదరంగులో ఉంటే పని ఆగిపోయింది. నులిపురుగుల వల్ల వచ్చే కాయలను చూసి బుడిపెలనుకునే ప్రమాదమూ ఉంది: బుడిపె వేరుకు పక్కన అతికినట్టుండి వేలితో తోస్తే ఊడుతుంది, నులిపురుగు కాయ వేరే ఉబ్బినట్టుండి ఊడిరాదు.

కొత్త సోయా చేలో 35 రోజులకు కూడా ఎర్రటి బుడిపెలు లేకపోతే, మళ్లీ కల్చర్ తెచ్చి పైన పోయడం మీద ఆశ పెట్టుకోవద్దు. ఆకులు పసుపెక్కుతుంటే పూతకు ముందే తేమ చూసుకుని పైపాటుగా నత్రజని వేయండి. వచ్చే పంటకు వేరే బ్యాచ్ కొనండి.