గోల్ఫ్ స్వింగ్ మళ్లీ మొదటి నుంచి: రెండేళ్ల క్లాసుల తర్వాత

మాది నెల్లూరు. మైపాడు వైపు రొయ్యల గుంటలున్నాయి. చెన్నైలో ఉండే మా బావమరిది ఎనిమిదేళ్ల కిందట ఒక ఆదివారం "రా బావా, ఊరికే చూద్దువుగాని" అని గోల్ఫ్ కోర్సుకి తీసుకెళ్లాడు, ఆ రోజు నుంచి ఈ ఆట నన్ను వదల్లేదు. మొదటి ఆరేళ్లూ ఎలా పడితే అలా ఆడాను. తర్వాతి రెండేళ్లు చెన్నైలోనే ఒకే కోచ్ దగ్గర, రెండు వారాలకొకసారి కారేసుకుని వెళ్లి, స్వింగ్ మొత్తం మొదటి నుంచి నేర్చుకున్నాను. రొయ్యల పట్టుబడి రోజుల్లో మానేసినవి పోగా మొత్తం 41 క్లాసులు. నాకైతే బాగా పనికొచ్చింది. కానీ మొదటి నాలుగైదు నెలలు ఎలా ఉంటాయో ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

నా సమస్య స్లైస్. కుడిచేతి వాటం వాళ్లకి బంతి బాగానే బయల్దేరి, సగం దూరం పోయాక గాల్లో కుడికి తిరిగిపోవడం. డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే పొడవాటి క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర) తీశానంటే పక్క ఫెయిర్‌వేలో ఆడేవాళ్లకి కేక వెయ్యాల్సి వచ్చేది. దానికి విరుగుడు అనుకుని నేను ఎడమకి తిరిగి నిలబడేవాణ్ణి. ఎంత ఎడమకి తిరిగితే బంతి అంత ఎక్కువగా కుడికి వంగేది. ఆరేళ్లు ఇదే తంతు, ఎందుకో అర్థమయ్యేది కాదు.

కోచ్ రెండు కర్రలు నేల మీద పెట్టి చూపించాక అర్థమైంది. బంతి ఏ దిక్కుగా బయల్దేరుతుందనేది చాలావరకు అది తగిలే క్షణంలో క్లబ్ ముఖం ఎటు చూస్తోందో దాన్ని బట్టి ఉంటుంది. గాల్లో ఎటు వంగుతుందనేది ఆ ముఖానికీ క్లబ్ వచ్చే దారికీ మధ్య ఉన్న తేడాని బట్టి. నేను ఎడమకి తిరిగేకొద్దీ క్లబ్ బయటి నుంచి లోపలికి ఇంకా అడ్డంగా వచ్చేది, ముఖం మాత్రం జెండా వైపే ఉండేది, దాంతో తేడా పెరిగేది, వంపూ పెరిగేది. చాలాకాలం దీన్ని తిరగేసి నేర్పించారు, బంతి దారిని బట్టి బయల్దేరి తర్వాత ముఖం చూసే వైపుకి వంగుతుందని. రాడార్‌తో కొలిచే ట్రాక్‌మ్యాన్ లాంటి యంత్రాలు వచ్చాక అసలు లెక్క తేలింది. ఇది తెలియకుండా ఎన్ని బకెట్ల బంతులు కొట్టినా తప్పుని గట్టిపరుచుకోవడమే అవుతుంది, నా ఆరేళ్లూ అలాగే పోయాయి.

అంతకుముందు ఇంకోచోట కూడా ఆరు క్లాసులు తీసుకున్నాను, పేరు అనవసరం. అక్కడ ప్రతి క్లాసులో అయిదారు సలహాలు ఒకేసారి. తల కదపొద్దు, ఎడమ మోచెయ్యి వంచొద్దు, బంతి మీదే చూపు, ఇంకా వేగంగా. తల కదలకూడదని మెడ బిగబట్టడంతో నా భుజాలు తిరగడమే మానేశాయి, ఇక ఉన్న బలమంతా చేతుల్లో నుంచే తియ్యాల్సి వచ్చింది, ఎడమ మోచేతికి నొప్పి పట్టుకుని రెండు నెలలు క్లబ్ ముట్టుకోలేదు. కొత్త కోచ్‌ని వెతుక్కున్నది ఆ నొప్పి తగ్గాకే.

ఈ కొత్త కోచ్ మొదటి రోజు 7 ఐరన్‌తో (మధ్యరకం దూరానికి వాడే క్లబ్) పది బంతులు కొట్టమన్నాడు. కొట్టాను. ఏమీ అనలేదు. తర్వాత "సార్, ఆ గ్లవ్ ఒకసారి ఇవ్వండి" అని తీసుకుని వెలుతురుకి పట్టి చూశాడు. అరచేతి కింద, మణికట్టుకి కాస్త పైన కండ ఉంటుందే, సరిగ్గా అక్కడ రూపాయి బిళ్లంత అరిగి చిల్లు పడింది. స్వింగ్ నడుస్తుండగా చేతిలో క్లబ్ జారుతోందని, పట్టు అరచేతిలో ఉంది కాబట్టే అలా జరుగుతోందని చెప్పాడు. జేబులోంచి స్కెచ్ పెన్ను తీసి నా ఎడమ చేతి మీద గీత గీశాడు, చూపుడువేలు మధ్య కణుపు నుంచి చిటికెనవేలు మొదలు దాకా. "క్లబ్ ఈ గీత మీదుండాలి. అరచేతి కండ పైన కప్పాలి." పట్టుకున్నాక పైనుంచి చూస్తే నా ఎడమ చేతి కణుపులు రెండు, రెండున్నర కనపడాలి. అప్పటిదాకా నాకు ఒకటి కూడా సరిగా కనపడేది కాదు. క్లబ్ ముఖం కుడికి తెరుచుకుని ఉండిపోవడానికి అదీ ఒక కారణం.

కుడి చిటికెనవేలు ఎక్కడ పెట్టాలన్నదానికి మాత్రం ఆయన పట్టుపట్టలేదు. ఎడమ చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ పైన ఆన్చి పట్టుకోవడాన్ని వార్డన్ గ్రిప్ అంటారు, బ్రిటిష్ ఓపెన్ ఆరుసార్లు గెలిచిన హ్యారీ వార్డన్ వల్ల ఆ పేరొచ్చింది. వేళ్లు పెనవేసి పట్టుకోవడం ఇంకో పద్ధతి, జాక్ నిక్లస్, టైగర్ వుడ్స్ ఇద్దరిదీ అదే. నా వేళ్లు పొట్టివి, అందుకని పెనవేసేదే కుదిరింది.

మూడు క్లాసులు పూర్తిగా పట్టు మీదే గడిచాయి. నాలుగో క్లాసు నుంచి సగం స్వింగ్‌లు, చేతులు నడుం ఎత్తు దాటకుండా వెనక్కి, అంతే ఎత్తు ముందుకి. రెండు పాదాలూ దగ్గర పెట్టి కొట్టడం. కుడి చంకలో చిన్న తువ్వాలు జారకుండా కొట్టడం. డ్రైవర్ బ్యాగులోంచి బయటికి తియ్యొద్దన్నాడు, అయిదు నెలలు తియ్యలేదు.

ఆ అయిదు నెలలూ కష్టంగానే గడిచాయి. అంతకుముందు 18 హోల్స్‌కి 104, 105 దెబ్బలు కొట్టేవాణ్ణి, ఈ ఆటలో ఎంత తక్కువైతే అంత మంచిది. నాలుగో నెలలో 115. పాత స్వింగ్ పోయింది, కొత్తది ఇంకా రాలేదు, మధ్యలో ఏదీ లేదు. రాత్రి ఇంటికొచ్చే దారిలో, నాయుడుపేట దాటాక, ఇదంతా అవసరమా అని చాలాసార్లు అనుకున్నాను. ఆ సమయంలో పెద్ద ఆటగాళ్ల కథలే నన్ను నిలబెట్టాయి. టైగర్ వుడ్స్ 1997లో మాస్టర్స్‌ని 12 స్ట్రోకుల (దెబ్బల) తేడాతో గెలిచాడు, అప్పుడు అతనికి 21 ఏళ్లు. అంత గెలిచాక కూడా తన కోచ్ బుచ్ హార్మన్‌తో కలిసి స్వింగ్ మార్చుకున్నాడు. 1998లో అమెరికా టూర్ మీద ఒక్క టోర్నీయే గెలిచాడు. 2000, 2001 కలిపి వరసగా నాలుగు మేజర్లు (ఏటా జరిగే నాలుగు పెద్ద టోర్నీలు) గెలిచింది ఆ తర్వాతే. నిక్ ఫాల్డో కూడా అంతే, కోచ్ డేవిడ్ లెడ్‌బెటర్ దగ్గర స్వింగ్ తిరగరాసుకుని 1987లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు, ఆఖరి రోజు 18 హోల్స్‌కి 18 పార్లు, అంటే ప్రతి హోల్ దానికి పెట్టిన దెబ్బల్లోనే ముగించాడు. వాళ్లకే ఏళ్లు పట్టినప్పుడు నాకు నాలుగు నెలల్లో రాలేదని బాధపడ్డంలో అర్థం లేదని సర్దుకున్నాను.

నెల్లూరులో బంతి కొట్టుకోవడానికి చోటేదని అడుగుతారు. గుంటల దగ్గర షెడ్డు వెనక నాలుగు ఇనుప గొట్టాలు పాతి, చిన్న కన్నున్న నైలాన్ వలని రెండు పొరలుగా వేలాడదీశాను. బంతి తగిలితే లోపలికి సాగి కింద పడాలి కాబట్టి వల వదులుగా ఉండాలి. మొదట బిగించి కట్టాను, బంతి తిరిగి నా మోకాలికొచ్చి తగిలింది. రోజూ పొద్దున మేత వేయించాక నలభై బంతులు, అంతకు మించి కొట్టను. ఫోన్‌ని స్లో మోషన్‌లో పెట్టి ఎదురుగా ఒకసారి, వెనకనుంచి ఒకసారి తీసి కోచ్‌కి వాట్సాప్ చేస్తాను.

అక్కడే ఒకరోజు జరిగింది చెప్పాలి. వెనక్కి తీసిన క్లబ్ కిందికి దిగేటప్పుడు ముందు నడుం కదలాలి, చేతులు దాని వెనక రావాలి. ఇది కోచ్ పదిసార్లు చెప్పాడు, పదిసార్లు చేసి చూపించాడు, నా ఒంటికి ఎక్కలేదు, ప్రతిసారీ చేతులే ముందు దూకేవి. మా గుంటల దగ్గర పనిచేసే కుర్రాడు రొయ్య కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయో) చూడ్డానికి వారానికోసారి విసురు వల వేస్తాడు. ఆ రోజు వల భుజాన వేసుకుని నా వెనక నిలబడి చాలాసేపు చూసి, "అన్నా, చేత్తో విసిరితే వల ముద్దగా పడతాది. నడుం తిప్పి వదిలితేనే గుండ్రంగా పరుచుకుంటాది" అన్నాడు. వేసి చూపించమన్నాను. కుడివైపుకి బాగా తిరిగాడు, ఎడమ కాలు నేలకి తొక్కాడు, నడుం తిరిగింది, చేతులు ఇంకా వెనకే ఉన్నాయి, చివర్లో వదిలాడు. సీసపు గుండ్లు నీళ్ల మీద ఒక్కసారిగా గుండ్రంగా పడ్డాయి. ఫోన్‌లో తీసుకుని ఆ రాత్రి ఎన్నిసార్లు చూశానో. తర్వాతి క్లాసులో కోచ్‌కి చూపిస్తే ఆయన కూడా మూడుసార్లు చూసి, ఆ వీడియో తనకి పంపమన్నాడు. నాలో మార్పు మొదలైంది ఆ వారం నుంచే.

ఎనిమిదో నెలలో మొదటిసారి 100 లోపు వచ్చింది. ఇప్పుడు 91 నుంచి 94 మధ్య ఆడుతున్నాను. డ్రైవర్‌తో కొడితే ఇప్పటికీ కొంచెం కుడికి వంగుతుంది, కానీ ఫెయిర్‌వే దాటదు. నొప్పి మళ్లీ రాలేదు, నాకన్నిటికంటే పెద్ద లాభం అదే. వారానికొక క్లాసు కాకుండా రెండు వారాలకొకటి ఉండడం దూరం వల్ల తప్పక చేసింది, కానీ అదే మేలైంది, ఒక్క మార్పు ఒంటికి పట్టడానికి ఆ మాత్రం టైమ్ కావాలి.

నచ్చనివి కూడా ఉన్నాయి. మొదటి ఏడాదంతా పుట్టింగ్ (గుంట దగ్గర బంతిని నేల మీద దొర్లించి లోపలికి పంపడం) ఊసే లేదు, చిప్పింగ్ (దగ్గర నుంచి బంతిని కొంచెం లేపి కొట్టడం) రెండు క్లాసులు. నా కార్డు తీసి లెక్కేస్తే 94లో 37 పుట్లు ఉన్నాయి. మన గోల్ఫర్ అదితి అశోక్ 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది, డ్రైవ్ దూరంలో మిగతావాళ్ల కంటే వెనకే ఉండి, పుట్టింగ్‌తో. అది చూశాక కూడా కోచ్‌ని నేను గట్టిగా అడగలేదు, ఆ తప్పు నాది కూడా. ఖర్చు తక్కువేం కాదు. 45 నిమిషాల క్లాసుకి 1,500, బంతులకి 300, డీజిలూ టోలూ కలిపి మూడు వేలు. 41 సార్లకి రెండు లక్షలకి దగ్గరపడింది. రానూపోనూ 350 కిలోమీటర్ల పైమాటే, ఆ రోజుకి ఇంకో పని పెట్టుకోలేం. చెన్నైలో చుట్టాలుంటే ముందురోజు రాత్రికే వెళ్లి పడుకోండి, తెల్లవారుజామున బయల్దేరి కారు దిగి నేరుగా కొడితే నడుం తిరగదు, ఆ క్లాసు దండగ.

కొత్త క్లబ్బులు కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు ముందు పది క్లాసులు తీసుకోండి. నేను ఎనభై వేలు పెట్టి డ్రైవర్, ఐరన్లు కొన్నాక ఇక్కడికొచ్చాను, అవే క్లబ్బులతో అప్పుడు 104, ఇప్పుడు 92. కోచ్‌ని ఎంచుకునేటప్పుడు మొదటి క్లాసులో ఎన్ని విషయాలు చెప్పాడో లెక్కపెట్టండి. ఒకటి చెప్పి, రెండు వారాలు అదే చేసి రమ్మంటే ఉండండి. అయిదు చెబితే ఇంకొకరిని చూసుకోండి.

వచ్చే నెల నుంచి ఆరు క్లాసులు పుట్టింగ్‌కే అని ఒప్పించాను. షెడ్డులో పాత కార్పెట్ పరిచి, పది అడుగుల దూరంలో టీ గ్లాసు పడుకోబెట్టి మొదలుపెట్టాను.