నీలగిరి కొండ రైలు బొమ్మ కోసం ఐదు రోజులు

తమిళనాడులో ఊటీకి వెళ్లే నీలగిరి కొండ రైలును తైలవర్ణ చిత్రంగా వేయాలని ఫొటోలు చూసి గీసుకున్న నా తొలి చిత్తును, విజయవాడ లోకో షెడ్డులో ఆవిరి ఇంజన్ల కాలంలో ఇంజను పొయ్యికి బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా పనిచేసిన మా నాన్నగారు చాలాసేపు చూశారు. "ఈ బండి కొండ ఎక్కుతోందా, దిగుతోందా?" అని అడిగారు. ఎక్కుతోందని చెప్పాను. "అయితే ఇంజను ముందెందుకు పెట్టావమ్మా? కప్లింగ్ తెగితే పెట్టెలను ఎవరు ఆపుతారు?" అన్నారు. ఆ దారిలో ఇంజను ఎప్పుడూ పల్లం వైపే ఉండి పెట్టెలను పైకి నెడుతుందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. కంటితో చూడకుండా వాస్తవిక చిత్రం వేయకూడదని నిశ్చయించుకుని, ఫిబ్రవరిలో ఐదు రోజులు అక్కడ గడిపి వచ్చాను. అదే పని మీద వెళ్లదలచినవారికి ఉపయోగపడుతుందని ఈ వివరాలు రాస్తున్నాను.

చెన్నై నుంచి రాత్రి బయలుదేరే నీలగిరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారేసరికి కొండ రైలు బయలుదేరే మేట్టుపాళయం చేరుస్తుంది. కొండ రైలు ఉదయం ఏడు దాటగానే కదులుతుంది కనుక ఆ రెండింటికీ మధ్య వ్యవధి తక్కువ. నేను ఒకరోజు ముందే చేరుకుని స్టేషన్ దగ్గరి లాడ్జిలో దిగాను. గది చిన్నది, ఉక్కపోత ఎక్కువే, అయినా తెల్లవారుజామున అడగకుండానే తలుపు తట్టి లేపి వేడినీళ్లు ఇచ్చారు. ఒక్క రాత్రికి అంతకంటే ఏం కావాలి? ఆ స్టేషన్‌లోనే ఉన్న చిన్న రైల్వే ప్రదర్శనశాలను మాత్రం వదులుకోవద్దు.

టికెట్ల విషయంలో చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. దారి మధ్యలోని కూనూరుకూ చివరనున్న ఊటీకీ మధ్య రోజూ నడిచే బళ్లకు డీజిల్ ఇంజన్లు ఉంటాయి. ఆవిరి ఇంజనును, పట్టాల నడుమ రంపంలా పళ్లున్న కమ్మీలను చూడాలంటే మేట్టుపాళయం నుంచి కూనూరు వరకు ఉన్న భాగంలోనే ప్రయాణించాలి. ఆ బండిలో సీట్లు బహు తక్కువ, రిజర్వేషన్ తెరిచిన రోజే ప్రయత్నించడం మేలు. ఈశాన్య రుతుపవనాల నెలల్లో కొండచరియలు విరిగిపడి బండ్లు రద్దవుతుంటాయి కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వెళ్లకపోవడమే మంచిది.

1899లో కూనూరు వరకు, 1908లో ఊటీ వరకు వేసిన ఈ మీటర్ గేజి మార్గం పొడవు సుమారు 46 కిలోమీటర్లు. దీనిపై 16 సొరంగాలు, 250 వంతెనలు ఉన్నాయి. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. కల్లార్ స్టేషన్ దాటాక 12 అడుగులు ముందుకు సాగితే ఒక అడుగు పైకెక్కేంత వాలు మొదలవుతుంది. అక్కడి నుంచి కూనూరు దాకా రెండు పట్టాల నడుమ పళ్లున్న ఉక్కు కమ్మీలు రెండు పక్కపక్కనే సాగుతాయి. ఒకదాని పన్ను ఉన్న చోట రెండోదానికి సందు వచ్చేలా వాటిని అమర్చారు, అందువల్ల ఇంజను కింది పళ్లచక్రానికి ఎప్పుడూ పట్టు దొరుకుతుంది. ఫొటోలో ఒకే నల్లగీతగా కనిపించిన ఆ కమ్మీలు దగ్గరగా చూస్తే మూడు రంగులు: పళ్ల కొనల మీద రాపిడికి తేలిన వెండి మెరుపు, పక్కల గ్రీజు నలుపు, అడుగున తుప్పు ఎరుపు.

ఇదంతా తీరిగ్గా చూడగలిగింది హిల్‌గ్రోవ్ స్టేషన్‌లో. ఇంజను నీళ్లు పట్టుకునేంతసేపు అందరూ టీ కోసం దిగుతారు. నేను ప్లాట్‌ఫారం చివర నిలబడి ఇంజను రేఖాచిత్రాలు నాలుగు గీసుకున్నాను. కోతులున్నాయి, సంచి మూసే ఉంచాలి. పట్టాల మీదికి దిగవద్దు, అది ప్రమాదమూ నేరమూ కూడా. పెట్టె పెట్టెకూ ఒక బ్రేక్స్‌మన్ జెండాతో నిలబడి చేసే పనిని చూశాక, నా చిత్రంలో మనిషి లేకపోవడం పెద్ద లోపమని అర్థమైంది.

బస విషయంలో నా ఓటు కూనూరుకే. స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో దిగిన అతిథిగృహం గదికి ఉత్తరం వైపు కిటికీ ఉండడంతో రోజంతా వెలుగు ఒకే తీరుగా నిలిచింది. చిత్రకారులు గది అడిగేటప్పుడు ముందుగా ఈ మాటే అడగాలి. భోజనం సాదాసీదా, మాట మర్యాద. ఊటీలో ఒక రాత్రికి దానికి రెట్టింపు తీసుకున్న హోటల్‌లో కిటికీ తెరిస్తే ఎదురింటి గోడే కనిపించింది, వేడినీళ్లు పొద్దున ఒక గంటే వచ్చాయి. లోయ కనిపించే గది ఇస్తామని చెప్పి అలా ఇవ్వడం నన్ను బాధపెట్టింది. ఊటీ స్టేషన్ అందమైనదే, కానీ ఈ చిత్రానికి కావలసినది అక్కడ లేదు.

తైలవర్ణాల పెట్టె తీసుకెళ్లేవారికి ఒక సూచన. టర్పెంటైన్ మండే ద్రవం కాబట్టి రైల్లో తీసుకెళ్లకూడదు. నేను పెన్సిలు, నీటిరంగులతోనే సరిపెట్టుకున్నాను. ఎలాగూ ఆ చలికీ తేమకూ తైలవర్ణం ఆరడానికి చాలా రోజులు పట్టేది. సొంత కారులో వెళ్లేవారు కొండ మీదికి అనుమతిగా ఆన్‌లైన్‌లో ఇచ్చే ఈ-పాస్ ముందుగా తీసుకోవాలి. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలపై నిషేధం ఉంది, స్టీలు సీసా వెంట ఉండాలి.

ఇంటికి వచ్చాక కాన్వాసును మళ్లీ తెల్లగా పూసి మొదలుపెట్టాను. ఆవిరిని తెల్లరంగుతో కాక, వెనక ఉన్న అడవి ఆకుపచ్చను బూడిద రంగులోకి దించి చూపించాను. ఇంజను ఇప్పుడు కింద ఎడమ మూలన, పెట్టెల వెనక ఉంది. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని నడిమి కమ్మీల పళ్లను వేలితో చూపిస్తూ లెక్కపెట్టారు. వార్నిష్ వేయడానికి ఇంకా ఆరు నెలలు ఆగాలి.