'మీ కోసమే' అన్న గోల్ఫ్ కోచింగ్ ప్యాకేజీ: డబ్బు కట్టే ముందు ఒకసారి చదవండి

పది క్లాసుల ప్యాకేజీ. డబ్బంతా ముందే కట్టించుకున్నారు. "మీ శరీరాన్ని, మీ ఆటను బట్టి ప్రత్యేకంగా ప్లాన్ చేస్తాం" అన్న ఒక్క మాటకి పడిపోయాను. నాలుగు క్లాసులయ్యాక తెలిసింది, ఆ ప్లాన్ అందరికీ ఒకటేనని.

నా జబ్బు స్లైస్. నాది కుడిచేతి వాటం, డ్రైవర్ అనే పొడవాటి కర్రతో కొడితే బంతి కుడికి వంగిపోతుంది. మొదటి క్లాసులో నాలుగు బంతులు కొట్టించి, ఫోన్లో వీడియో తీసి, "ఎడమకి గురిపెట్టండి, సరిపోతుంది" అన్నారు. రెండు వారాలు అలాగే కొట్టాను. స్లైస్ ఇంకా పెరిగింది. పెరగక ఏం చేస్తుంది? క్లబ్ (గోల్ఫ్ కర్ర) వెళ్లే దారికన్నా దాని ముఖం, అంటే బంతికి తగిలే వైపు, కుడికి తెరుచుకుని ఉంటే బంతి అటు తిరుగుతుంది. ఎడమకి నిలబడితే స్వింగ్ మరింత ఎడమకి కోసుకుపోతుంది, ముఖం మాత్రం లక్ష్యం వైపే ఉండిపోతుంది. రెంటికీ మధ్య తేడా పెరుగుతుంది. ఈ ముక్క నాకు చెప్పింది కోచ్ కాదు, ప్రాక్టీసు రేంజ్‌లో పక్కన ఆడే పెద్దాయన. నా గ్రిప్ చూసి, పైనుంచి ఎడమచేతి మెటికలు రెండు మూడు కనిపించేలా చెయ్యి కాస్త కుడికి తిప్పి పట్టుకోమన్నారు. అరగంటలో బంతి దారికొచ్చింది. ఆయన పైసా తీసుకోలేదు.

కొట్టిన తీరుని కొలిచే లాంచ్ మానిటర్ యంత్రం మాత్రం ఘనంగా పెట్టారు. క్లబ్ దారి, ముఖం కోణం రెండూ తెర మీదే కనిపిస్తాయి, ఒక్కసారీ వివరించలేదు. "మీ దూరం తక్కువ, కొత్త డ్రైవర్ కొనండి" అనడానికే అది పనికొచ్చింది. నా స్కోరు, అంటే ఆట మొత్తంలో కొట్టే దెబ్బలు, వందకి అటూ ఇటూ, అందులో పుట్‌లే (గుంట దగ్గర బంతిని దొర్లించే దెబ్బలు) నలభై దాకా. స్కోరు కార్డు అడిగి ఉంటే తెలిసేది. ఆ దెబ్బలు కొట్టే పుట్టర్ బ్యాగ్‌లోంచి బయటికే రాలేదు. నడుం నొప్పి ఉందని చెప్పినా "పూర్తిగా తిరగండి" అనడం మానలేదు.

ఐదో క్లాసుకి వెళ్లినప్పుడు ఇంకో శిష్యుడు తన ప్లాన్ చూపించాడు. ఆయనది ఎడమచేతి వాటం. అందులోనూ "బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ భుజం గడ్డం కిందికి రావాలి" అనే ఉంది! ఆయనకి రావాల్సింది కుడి భుజం. పేరు తప్ప అక్షరం మారలేదు. ఆ రోజు క్లాసు తీసుకోకుండానే వచ్చేశాను.

మీరు వెళ్తే ముందు ఒక్క క్లాసుకే కట్టండి. పాత స్కోరు కార్డులు, పాత గాయాలు, వారానికెంత సాధన చేయగలరు, ఇవేవీ అడగకుండా ప్లాన్ చేతిలో పెడితే అక్కడే ఆగిపోండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి. నేను రాయించుకోలేదు.

మిగిలిన ఆరు క్లాసుల డబ్బు అడిగితే, "మీ కోసం మరో ప్రత్యేక ప్లాన్ పంపుతాం" అన్నారు. నిన్న వచ్చింది. ఈసారి పేరు కూడా మార్చలేదు.