అనంతపురంలో చీర్ క్లాసు: ఏడాది పంపాక నా రివ్యూ

మా పాప తొమ్మిదో తరగతి. స్పోర్ట్స్ డేకి స్కూల్లో చీర్ స్క్వాడ్ (ఆటలప్పుడు జనాన్ని హుషారెక్కించే జట్టు) పెడతాం, ఇష్టమున్నవాళ్ళు బయట నేర్చుకుని రండి అన్నారని పోయిన జూన్‌లో ఈ సెంటర్లో చేర్పించాం. నెలకు 1,200, డ్రెస్సుకు వేరే, పామ్ పామ్‌లకు (చేతుల్లో పట్టుకుని ఊపే ప్లాస్టిక్ కుచ్చులు) వేరే. ఊళ్ళో డాన్స్ క్లాసులకేం కొదవ లేదు గానీ చీర్ నేర్పిస్తామనేవాళ్ళు అంత సులభంగా దొరకరు, అందుకే చేర్పించాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. పామ్ డాన్స్ కోసమైతే ధైర్యంగా పంపండి. ఒకరినొకరు ఎత్తే స్టంట్లకైతే వద్దు.

ముందు మంచి చెప్తా, ఎందుకంటే అది చాలా ఉంది. మేడం మొదట్లో పిల్లల చేతికి పామ్ పామ్‌లే ఇవ్వలేదు. ఉత్త పిడికిళ్ళతో చేతులు వి ఆకారంలో పైకి, అదే వి కిందికి, తర్వాత రెండు పక్కలకీ చాచి టి, మళ్ళీ నడుం మీదికి, అంతా ఎనిమిది లెక్కలో. ఒక్కరి మణికట్టు వంగినా ఆపేసి మొదటినుంచి చేయించేది. బయట మెట్ల మీద కూర్చున్న తల్లులం "ఇదేందబ్బా, డబ్బులిచ్చి పీటీ చేయించుకుంటున్నామే" అని గొణుక్కునేవాళ్ళం. పామ్ పామ్‌లు చేతికొచ్చాక అర్థమైంది, చెయ్యి జానెడు తేడాగా లేస్తే దూరం నుంచి చూసేవాళ్ళకి అది మూరెడు కనిపిస్తుంది, కుచ్చు ఏ తప్పునీ దాచదు, ఇంకా పెద్దది చేసి చూపిస్తుంది. దసరా సెలవుల తర్వాత రిపుల్ నేర్పించింది. వరసలో ఒకరి వెనక ఒకరు ఒక్కో లెక్క తేడాతో చేతులు లేపాలి, సరిగ్గా కుదిరితే గాలికి జొన్నచేను ఊగినట్టుంటుంది, ఒక్క పిల్ల తొందరపడితే మొత్తం పోయింది. ఇంత ఓపిగ్గా లెక్క నేర్పే మనిషి దొరకడం కష్టం.

పామ్ పామ్‌లు సెంటర్లోనే కొనాలని ఏం లేదు. జత 450 తీసుకున్నారు, ఫ్యాన్సీ స్టోర్లో అంతకంటే తక్కువకే ఉన్నాయి, కాకపోతే అక్కడ దొరికేవి ఎక్కువగా పుల్లకి కట్టినవి, నాలుగు సార్లు గట్టిగా ఊపితే పోగులు ఊడొస్తాయి. పిడి మధ్యలో ఉండి పిడికిట్లో ఇమిడేవే తీసుకోండి. కొత్తవి సొప్పకట్టల్లా అణిగి ఉంటాయి, పోగుపోగూ విడదీసి చేత్తో నలపాలి, అప్పుడే గుండ్రంగా పూస్తాయి. ఎండలో బండి డిక్కీలో మాత్రం పెట్టొద్దు, మన ఏప్రిల్ ఎండకి ఆ ప్లాస్టిక్కు ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంట్లో గొడవ సంగతి. మా అత్తమ్మకి చీర్ అంటే 2008లో ఐపీఎల్‌తో పాటు టీవీలోకొచ్చిన పొట్టి బట్టల డాన్సే. "ఆడపిల్లని గ్రౌండులో ఎగిరిస్తారా" అని నాలుగు రోజులు మాట్లాడలేదు. డ్రెస్సు ట్రాక్ ప్యాంటు, ఫుల్ టీషర్టు అని చూపించాక చల్లబడింది. అసలు ఇది మొదలైంది మగపిల్లలతో. 1898లో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో జానీ క్యాంప్‌బెల్ అనే స్టూడెంటు జనం ముందుకొచ్చి అరుపులు అరిపించాడు, అక్కడ అమ్మాయిలని చేర్చుకున్నది 1923లో. 2021లో ఒలింపిక్ కమిటీ కూడా దీన్ని ఆటగా పూర్తిగా గుర్తించింది. ఇదంతా మేడం మొదటిరోజే ఒక్క పది నిమిషాలు చెప్పుంటే బ్యాచ్‌లో ఉన్న ఇద్దరు మగపిల్లలు స్నేహితుల ఎగతాళికి మానేసి ఉండేవాళ్ళు కాదేమో. బాగా చేసేవాళ్ళు పాపం.

ఇక స్టంట్లు. జనవరి నుంచి ఇంకో మాస్టర్ వచ్చి ఒకరిని ఎత్తడం, భుజాల మీద నిలబెట్టడం మొదలుపెట్టాడు. కింద గ్రానైట్ బండలు, వాటి మీద యోగా చాపలు. పైకెక్కే పిల్ల వెనక ఆమె తలనీ మెడనీ కాపాడుకోవడానికే ఒక మనిషి నిలబడాలి, స్పాటర్ అంటారు, ఆ మనిషి కళ్ళు పైపిల్ల మీదినుంచి తిప్పకూడదు. ఇక్కడ ఆ పని ఎవరికి తీరిక దొరికితే వాళ్ళది. అమెరికా హైస్కూళ్ళ రూల్స్‌లోనే పిరమిడ్ ఇద్దరి ఎత్తు దాటకూడదని ఉంది, మన మాస్టర్ మూడో వరస కూడా కట్టిద్దామని ఉత్సాహపడ్డాడు. ఒక పాప జారి మోచెయ్యి బెణికించుకుంది, ప్రాక్టీసు మాత్రం ఆగలేదు. మందపాటి మ్యాట్లు కొనండి, లేదంటే గడ్డి ఉన్న చోట చేయించండి అని అడిగితే "చూద్దాం మేడం" అన్నారు. మార్చి దాకా చూస్తూనే ఉన్నారు.

ఇంకో లోటు, అరుపులు. స్క్వాడ్ అసలు పని డాన్స్ చూపించడం కాదు కదా, కూర్చున్న జనంతో అరిపించడం. ఇక్కడ నేర్పినవన్నీ యూట్యూబ్‌లో దొరికిన ఇంగ్లీష్ చాంట్లు. స్పోర్ట్స్ డే రోజు పిల్లలు గొంతు చించుకున్నా గ్యాలరీలో తల్లిదండ్రులు ఫోన్లు పట్టుకుని వీడియోలు తీశారే తప్ప ఒక్కరు తిరిగి అరవలేదు. మధ్యాహ్నం కబడ్డీ ఫైనల్‌కి మాత్రం పిల్లలే సొంతంగా ఒకటి కట్టారు. ఒకడు డ్రమ్ము మీద మా వైపు ఉరుముల వాయిద్యం దరువు లాంటిది అందుకున్నాడు, అమ్మాయిలు "గెలుపు యాడుంది?" అంటే గ్యాలరీ అంతా "మా కాడుంది!" ఇంక ఆగితే కదా, అవతలి హౌసు పిల్లలు కూడా మాదంటే మాదని అరిచారు, పీఈటీ సార్ విజిల్ ఎవరికీ వినపడలేదు. మేడం కూడా పక్కన నిలబడి నవ్వుతూ చప్పట్లు కొట్టింది. దీన్ని సిలబస్‌లో పెట్టమని చెప్పాను, నోట్ చేసుకుంది, చూడాలి.

టైమింగ్స్: పొద్దున ఆరింటి బ్యాచ్ మంచిది. సాయంత్రం బ్యాచ్‌లో గది రేకుల షెడ్డు కాబట్టి ఉడికిపోతారు, పిల్లకి రెండు నీళ్ళ బాటిళ్ళు ఇవ్వండి. రాలేని రోజులకి ఫీజు తగ్గించరు, వేరే రోజు క్లాసు కూడా ఇవ్వరు, ముందే అడిగి చేరండి. డ్రెస్సు రంగు మొదటి ఉతుకుకే వెలిసింది, మార్చిచ్చారు, ఆ విషయంలో గొడవ పెట్టలేదు.

ఈ జూన్‌లో మళ్ళీ ఫీజు కట్టాం, పామ్ బ్యాచ్‌కి మాత్రమే. స్టంట్ల ఫారం ఇచ్చారు, సంతకం పెట్టలేదు, మ్యాట్లు వచ్చాక ఆలోచిస్తాం అని చెప్పి వచ్చేశాం.