కాన్‌స్టిట్యూట్ వెబ్‌సైటు: రాజ్యాంగం ఏ ఆర్థిక విధానం కోరుతుందో వెతకడానికి పనికొస్తుందా?

దాదాపు అన్ని దేశాల రాజ్యాంగాలూ కాన్‌స్టిట్యూట్‌లో ఉచితంగా, లాగిన్ లేకుండా చదవొచ్చు. 2013లో మొదలైన ఈ సైటు అధికరణలు పట్టుకోవడంలో గట్టిది. ‘రాజ్యాంగం ఫలానా ఆర్థిక వ్యవస్థే ఉండాలంటుందా?’ అన్న ప్రశ్నకు మాత్రం సగం జవాబే దొరుకుతుంది.

వెతికే పెట్టెలో ఊరికే ‘సోషలిస్ట్’ అని కొట్టొద్దు. పీఠికలో ఒక్కసారి కనబడ్డ మాటా, ప్రభుత్వాన్ని కట్టిపడేసే అధికరణా ఒకే వరసలో వచ్చేస్తాయి. అంశాల జాబితాలోకి వెళ్లి ఆస్తి హక్కు, ఆస్తి స్వాధీనం నుంచి రక్షణ, వ్యాపారం పెట్టుకునే హక్కు, ఆర్థిక ప్రణాళికలు విడివిడిగా తెరవండి. తర్వాత రెండు దేశాలను పక్కపక్కన పెట్టండి. స్పెయిన్ 38వ అధికరణ మార్కెట్ ఆర్థిక వ్యవస్థలో స్వేచ్ఛా వ్యాపారాన్ని గుర్తిస్తుంది. క్యూబా 2019 రాజ్యాంగంలో 18వది సోషలిస్ట్ ఆర్థిక వ్యవస్థ అంటుంది. అక్కడే ఆగితే పొరపాటు, ఎందుకంటే క్యూబాలోనే 22వది ప్రైవేటు ఆస్తినీ ఒప్పుకుంటుంది.

అసలు చిక్కు భారత రాజ్యాంగం దగ్గర. నచ్చిన వృత్తి, వ్యాపారం చేసుకునే హక్కునిచ్చే 19(1)(జి), సమాజపు వనరులు అందరి మేలుకు పంచాలనే 39(బి) రెండూ తెర మీద సమానంగానే కనబడతాయి. మొదటిది కోర్టుకెళ్లి సాధించుకునే హక్కు. రెండోది ఆదేశిక సూత్రం, 37వ అధికరణ ప్రకారం కోర్టులో అమలు చేయించలేం. పైగా 39(బి)లోని ‘సమాజపు భౌతిక వనరులు’ కిందికి ప్రైవేటు ఆస్తులన్నీ రావని 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం మెజారిటీతో తేల్చింది. పీఠికలో ‘సోషలిస్ట్’ 1976 నాటి 42వ సవరణతో చేరింది. 1948 నవంబరులో రాజ్యాంగ సభ సభ్యుడు కె.టి. షా ఆ మాట పెడదామంటే అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఆర్థిక వ్యవస్థ ఎలా ఉండాలో కాలాన్ని బట్టి ప్రజలే తేల్చుకోవాలన్నది ఆయన వాదన, ఈ విషయంలో అంతకన్నా సూటైన జవాబు లేదు. రాజ్యాంగ పాఠం ఒక్కటే చదివితే ఇవేవీ తెలియవు.

జర్మనీదీ అదే కథ. 14వ అధికరణ ఆస్తిని కాపాడుతుంది, 15వది భూమినీ ఉత్పత్తి సాధనాలనూ ఉమ్మడి యాజమాన్యం కిందికి తేవచ్చంటుంది. ఆర్థిక విధానంలో రాజ్యాంగం తటస్థమని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1954లో చెప్పింది.

ఏదైనా ఉటంకించే ముందు దేశం పేరు పక్కనున్న సవరణ సంవత్సరం చూడండి. పోర్చుగల్ 1976 పాఠంలో సోషలిజం వైపు మార్పు లక్ష్యంగా ఉండేది, తర్వాతి సవరణల్లో చాలా మారింది. స్పెయిన్, క్యూబా పాఠాలు ఇంగ్లీషు అనువాదాలు కాబట్టి, ఒక్క మాట మీద వాదన నిలబడితే మూల స్పానిష్ చూడాల్సిందే.