మాండరిన్‌ నేర్చుకోవాలా, హొక్కియెన్‌ నేర్చుకోవాలా? చైనీయుల ఇంటి అల్లుళ్లకు, కోడళ్లకు ఏది మేలు?

మలేషియా చైనీయుల అమ్మాయిని పెళ్లి చేసుకున్నానని తెలిసిన దగ్గర నుంచి విశాఖలో నన్ను అడిగే ప్రశ్న ఒకటే: చైనీస్ నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? అడిగేవాళ్లలో ఎక్కువమంది సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో ఉద్యోగం చేస్తూ అక్కడి చైనీయుల ఇంటితో సంబంధం కలుపుకున్నవాళ్లు, లేదా కలుపుకోబోతున్నవాళ్లు. 2024లో ఇక్కడి నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానం మళ్లీ మొదలయ్యాక అడిగేవాళ్లు ఇంకా పెరిగారు. వాళ్లు ఏ యాప్ మంచిదని అడుగుతారు. నేను మీ అత్తవారిది ఏ ఊరని అడుగుతాను.

ఎందుకంటే చైనీస్ అనేది ఒక భాష కాదు; మాండరిన్, హొక్కియెన్, కాంటనీస్ లాంటి భాషల గుంపు. మా ఆవిడది పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్. వాళ్ల పూర్వీకులు చైనాలో ఫుజియన్ దక్షిణ తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు కాబట్టి ఇంటి భాష హొక్కియెన్. మాండరిన్ బడి భాష. మలేషియాలోని చైనీస్ ప్రాథమిక పాఠశాలల్లో చదువు చెప్పేది అందులోనే. అందుకని మా ఆవిడ, బావమరిది, వాళ్ల ఈడు వాళ్లు తమలో తాము మాండరిన్ బాగా వాడతారు. అత్తగారు, మామగారు ఎదుటి మనిషిని బట్టి భాష మారుస్తారు. నాయనమ్మగారికి హొక్కియెన్ ఒక్కటే. ఈ రెండూ ఒకే లిపిలో రాయగలిగినవే గానీ, ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది చెవికి అర్థం కాదు.

ముందు మాండరిన్ గురించి చెబుతాను, దాని బలం అంత ఉంది కాబట్టి. పుస్తకాలు, నిఘంటువులు, వీడియోలు, గురువులు, దేనికీ కొదవ లేదు. విశాఖలో కూర్చుని ఆన్‌లైన్‌లో పాఠం చెప్పించుకోవచ్చు. చైనా, మలేషియా రెండూ మనకంటే రెండున్నర గంటలు ముందుంటాయి. ఆఫీసు నుంచి వచ్చి ఆరు గంటలకు కూర్చుంటే అక్కడ ఎనిమిదిన్నర, గురువుగారికీ ఇబ్బంది ఉండదు. నేర్చుకున్నది ఒక్క ఇంటికే పరిమితం కాదు, ఉద్యోగానికీ పనికొస్తుంది. ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చే సందేశాలు చదవాలన్నా మాండరిన్ రాతే కావాలి. పెనాంగ్ వాళ్లు హొక్కియెన్‌లో మాట్లాడతారు గానీ దానిలో రాయడం అలవాటు లేదు. మలేషియాలో వాడేది కూడా, చైనాలో లాగే, గీతలు తగ్గించిన సరళీకృత లిపే కాబట్టి చైనాలో అచ్చయిన పుస్తకం నిక్షేపంగా సరిపోతుంది.

హెచ్‌ఎస్‌కే అని మాండరిన్ ఎంత వచ్చో తేల్చే పరీక్ష ఒకటుంది, దాని మీద మన వాళ్లకు మోజు ఎక్కువ. పాత పద్ధతిలో 6 స్థాయులు: మొదటిదానికి 150 మాటలు, రెండోదానికి 300, మూడోదానికి 600. 2021లో 9 స్థాయుల కొత్త ప్రమాణం ప్రకటించారు. సర్టిఫికెట్ కావాలనుకునేవాళ్లకు మంచి మెట్లే. కానీ ఆ పాత పద్ధతి పరీక్షలో వినడం, చదవడం, మూడో స్థాయి నుంచి రాయడం ఉంటాయి. మాట్లాడే పరీక్ష విడిగా వేరే పేరుతో ఉంది. అంటే నోరు విప్పకుండానే స్థాయి తర్వాత స్థాయి దాటుకుంటూ పోవచ్చు. అత్తవారింటి కోసం నేర్చుకునేవాళ్లకు ఇది ఎంతవరకు ఉపయోగమో మీరే చూసుకోండి.

ఉచ్చారణలో తెలుగువాళ్లకు ఒక సదుపాయం ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పిన్‌యిన్ చూసి ‘బి’ కనిపించగానే బ అనేస్తాం. నిజానికి మాండరిన్‌లో ఆ చోట పలికేది మన ప. ‘పి’ అని రాసిన చోట పలికేది ఒత్తు ఫ. బీజింగ్ అసలు పలుకుబడి పెయ్‌చింగ్‌కు దగ్గర. ‘జెడ్’ అని రాసేది ఇంచుమించు చాప, చుక్కల్లోని చ. తెలుగు లిపిలో రాసుకుంటే ఈ తేడాలన్నీ కళ్లకు కడతాయి. ఇంగ్లీషు మీదుగా పోతే పోతాయి. ఇక స్వరాలు, అంటే మాట అర్థాన్నే మార్చేసే గొంతు ఎత్తుపల్లాలు, 4. వాటికి ప్రతి రోజూ ఎవరైనా చెవి పెట్టి దిద్దాల్సిందే.

హొక్కియెన్ దగ్గరికి వస్తే పరిస్థితి తలకిందులు. డ్యూలింగో అనే భాషల యాప్‌లో మాండరిన్ ఉంది, హొక్కియెన్ లేదు. పెనాంగ్ హొక్కియెన్ పాడ్‌కాస్ట్ అని ఒకటి ఉంది, ఆ ఊరి మాట ఆ ఊరి వేగంతో వినవచ్చు, కానీ అది పాఠం కాదు, కబుర్లు. క్రమంగా నేర్పే పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టాలి. స్వరాలు సంప్రదాయ లెక్కలో 7. పైగా పదబంధంలో చివరి అక్షరం తప్ప మిగతావి తమ స్వరం మార్చుకుంటాయి. ముక్కుతో పలికే అచ్చులున్నాయి, గొంతు దగ్గర టక్కున ఆగిపోయే మాటలున్నాయి. ఇంత చెప్పాక ఎవరైనా భయపడతారు. ఒక ఊరట ఏమిటంటే హొక్కియెన్‌లో ప, ఫ, బ మూడూ ఉన్నాయి, క, ఖ, గ మూడూ ఉన్నాయి. మన అక్షరమాల దానికి కొలిచి కుట్టినట్టు ఉంటుంది.

అయినా నేను ముందు హొక్కియెనే ఎంచుకున్నాను. కష్టం, సుఖం, పుస్తకాలు, పరీక్షలు ఇవన్నీ తర్వాతి సంగతులు. నా దృష్టిలో తేల్చాల్సింది ఒక్కటే: ఆ ఇంటివాళ్లు మీతో ఏ భాషలో మాట్లాడుతున్నారన్నది కాదు, మీరు పక్కన ఉండగా తమలో తాము ఏ భాషలో మాట్లాడుకుంటున్నారన్నది. విశాఖలో నౌకాదళం ఉద్యోగానికి వచ్చి ఇక్కడి పిల్లను చేసుకున్న ఉత్తరాది అల్లుణ్ని ఎప్పుడైనా గమనించారా? అతనితో అందరూ మర్యాదగా హిందీలో మాట్లాడతారు. కాఫీ ఇస్తారు, కుర్చీ వేస్తారు. ఆ తర్వాత అసలు విషయం, అంటే పొలం అమ్మకం, పెద్దమ్మ మోకాలి ఆపరేషన్, చిన్నవాడి పెళ్లి సంబంధం, తెలుగులో నడుస్తుంది. అతను నవ్వుముఖం పెట్టుకుని కూర్చుంటాడు. మాండరిన్ మాత్రమే నేర్చుకున్న అల్లుడికి పెనాంగ్ ఇంట్లో జరిగేది సరిగ్గా ఇదే.

భోజనాల బల్ల దగ్గర చూడాలి. చెంచా ఎత్తే ముందు చిన్నవాళ్లు పెద్దవాళ్లను ఒక్కొక్కరినీ వరస పెట్టి పిలిచి తినమనాలి. అకోంగ్ అంటే తాతగారు, అమా అంటే నాయనమ్మ, అపే పెదనాన్న, అచెక్ బాబాయి, అకో మేనత్త, అకూ మేనమామ. ఇంగ్లీషువాడికి ఈ వరసలు కంఠతా పట్టడానికే తల ప్రాణం తోకకు వస్తుంది. మనకు మేనత్తకూ పిన్నికీ తేడా పుట్టుకతోనే తెలుసు, కొత్త మాట తెచ్చి పాత గూట్లో పెట్టుకోవడమే. నేను ‘అమా, చ్యా’ (నాయనమ్మా, తినండి) అన్న రోజున నాయనమ్మగారు చేపల గిన్నె నా వైపు జరిపి, ఆపకుండా ఏదో చెప్పుకుపోయారు. సగం అర్థమైంది: ఆ చేప తెల్లవారుజామున బజారులో తెచ్చిందట, ముళ్లు ఎక్కువ, జాగ్రత్త. దాన్ని మా ఆవిడ అనువదించాల్సిన పని లేకపోయింది.

నేర్చుకునే పద్ధతి విషయంలో నా లెక్క ఇది. అత్తగారిని రోజూ ఒక చిన్న వాయిస్ మెసేజ్ పంపమన్నాను: ఈ రోజు ఏం వండారు, ఎవరొచ్చారు, వాన పడిందా. దాన్ని మళ్లీ మళ్లీ విని తెలుగు లిపిలో రాసుకుంటాను, స్వరానికి పైన అంకె వేస్తాను, రాత్రి మా ఆవిడకు చదివి వినిపిస్తాను. ఆమెను గురువుగా మాత్రం కూర్చోబెట్టను. భార్యాభర్తల మధ్య పాఠాలు రెండో వారానికల్లా అలకలుగా మారతాయి. దిద్దమని అడగండి, నేర్పమని అడగకండి. వినడానికే ఇంత సమయం ఎందుకంటే, మనం అడిగే ప్రశ్నను ముందే కంఠస్థం చేసుకోవచ్చు, పెద్దావిడ చెప్పే జవాబును ఎవరూ ముందే చెప్పలేరు.

ఇది అందరికీ వర్తించదు. ఇంట్లో పెద్దతరం లేకపోయినా, భార్యాభర్తలిద్దరి మధ్య మాండరినే నడుస్తున్నా, పిల్లలను చైనీస్ బడిలో వేసే ఆలోచన ఉన్నా తిన్నగా మాండరిన్‌కు వెళ్లండి. చైనా ఉత్తరాది కుటుంబమైతే అసలు ఈ చర్చే లేదు. పెనాంగ్‌లో కూడా కుర్రకారు ఏటేటా మాండరిన్ వైపే జరుగుతున్నారు, కాబట్టి ఇరవై ఏళ్ల తర్వాతి కుటుంబాన్ని తలుచుకుంటే తూకం అటే మొగ్గుతుంది. నా తూకం మాత్రం ఇప్పుడున్న పెద్దల వైపు.

కౌలాలంపూర్, ఇపో కుటుంబాలైతే హొక్కియెన్ చోట కాంటనీస్ పెట్టుకుని పైదంతా చదువుకోండి. హాంకాంగ్ సినిమాలు, సీరియళ్లు ఉన్నాయి గనక వినడానికి కరువుండదు. మలయ్ భాష బజారులో, ఆఫీసుల్లో అక్కరకొస్తుంది, పెనాంగ్ హొక్కియెన్‌లో సుకా (ఇష్టం), తపి (కానీ), బాతు (రాయి) లాంటి మలయ్ మాటలు కలిసిపోయి ఉన్నాయి, అంతవరకు చాలు. ఇంగ్లీషుతో నెట్టుకొద్దామంటే నెట్టుకురావచ్చు, అతిథిగా.

మాండరిన్ ఎంచుకునేవాళ్లకు ఒక్క సూచన: బీజింగ్ గురువు కంటే మలేషియా గురువును వెతకండి. అక్కడ దాన్ని హ్వాయూ అంటారు, మాటలు కొన్ని వేరు, వాక్యం చివర తోక ‘లా’ వేరు. బస్సును చైనా పాఠ్యపుస్తకం కోంగ్‌చ్యావ్‌ఛ అని నేర్పుతుంది, పెనాంగ్‌లో మా బావమరిది పాషి అంటాడు.