ఓవల్ కట్టర్‌తో ఆరేళ్లు, ఒక మామిడి పిందె

పటంలో ఫొటో చుట్టూ పెట్టే దళసరి అట్టను మౌంట్ బోర్డు అంటాం. దాంట్లో కోడిగుడ్డు ఆకారం కిటికీ కోసేది ఓవల్ కట్టర్. అది కొనాలా వద్దా అని ఎవరడిగినా నేను ముందు దాని లోతు నాబ్ గురించే, అంటే బ్లేడు ఎంత లోతుకు దిగాలో పెట్టే మర గురించే చెప్తాను. ఎంత పెద్దది కోస్తుంది, ఎంత చిన్నది కోస్తుంది అన్నవి డబ్బా మీదే రాసి ఉంటాయి. అనంతపురంలో మా పటాలు కట్టే షాపుకు ఇది వచ్చి ఆరేళ్లయింది. ఈరోజుకీ ఆ నాబ్ తిప్పుతుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

మౌంట్ బోర్డు మందం సుమారు 1.4 మిల్లీమీటర్లే. కానీ బ్లేడు 45 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి నిజంగా కోయాల్సింది దాదాపు 2 మిల్లీమీటర్లు. తిన్నగా కోసేటప్పుడు ఒక్క లాగుకే తెగుతుంది. వంపులో అంత లోతు ఒకేసారి దించితే సన్నటి బ్లేడు వంగిపోతుంది, మొదలుపెట్టిన చోట చిన్న కొక్కెం పడుతుంది. మా నాయన చేత్తో కోసిన ఓవల్ మౌంట్లు షాపులో ఇంకా రెండు మూడు ఉన్నాయి. అంత నేర్పున్న చెయ్యి ఆయనది, అయినా వాటిలో ఆ కొక్కెం ఉంది. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది సరిచేసేవారు.

నాబ్‌కు మూడు మెట్లు. మొదటి మెట్టులో బ్లేడు పైనున్న రంగు కాగితాన్ని మాత్రమే గీస్తుంది. ఆ గీతే తర్వాతి రెండు చుట్లకూ దారి. రెండో చుట్టులో సగం దాకా దిగుతుంది, మూడోదాంట్లో కింద వేసిన తుక్కు బోర్డును తాకుతుంది. మూడో చుట్టు ముగుస్తుండగా మధ్య ముక్క బిగువు వదలడం వేలికి తెలుస్తుంది. తీసి చూస్తే అంచు చుట్టూ తెల్లటి ఏటవాలు గీత. ఎక్కడ మొదలైందో నేనే వెతుక్కోవాలి.

కొన్న నెలలోనే తెలిసిన షాపులవాళ్లందరికీ "ఏ ఆకారమైనా కోసేస్తుంది" అని చెప్పాను. ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా అనలేను.

పోయిన ఏప్రిల్‌లో ధర్మవరం నుంచి ఒకామె వచ్చింది. పాత పేపర్లో చుట్టిన పట్టు కొంగు ముక్క తెచ్చింది. "మా అమ్మ పెండ్లి చీర పాపా. చీరంతా పోయి ఇదొక్కటే మిగిలింది. దీంట్లో పిందె ఉంది చూడు, పటంలో కిటికీ ఆ మాదిరే ఉండాల" అంది. జరీ నల్లబడింది కానీ మామిడి పిందె చెక్కుచెదరలేదు. కాదనడానికి నోరు రాలేదు. "అట్లే చేస్తానక్కా" అన్నాను.

పిందె అంటే కింద గుండ్రం, పైన ఒక పక్కకు ఒరిగిన కొన. గుండ్రం కట్టర్ పని, కొన చేతి పని. బ్లేడు ఉండే హెడ్‌ను వంపు మధ్యలో దించి మధ్యలోనే ఎత్తొచ్చని, మూడు మెట్లలోనూ ఒకే చోట ఆపొచ్చని నాకు అప్పుడే తెలిసింది. చుట్టులో ముప్పాతిక వంతు దాంతో కోశాను. మిగిలింది చేతి కట్టర్‌తో. చేతి కట్టర్‌తో మామూలుగా బోర్డు వెనక నుంచి కోస్తాం, ఓవల్ కట్టర్ ముందు నుంచి కోస్తుంది. రెండు ఏటవాలు అంచులూ కలవాలంటే చేతి కోత కూడా ముందు నుంచే వెయ్యాలి, బ్లేడు వాలు రెంటికీ ఒకటే ఉండాలి. అది తెలుసు కాబట్టి అట్లే చేశాను.

అయినా కలవలేదు. రెండు కోతలు కలిసే చోట అర మిల్లీమీటరు తేడా. గంధం రంగు బోర్డు, వెనక ముదురు మెరూన్ పట్టు. ఆ తేడా గడప దగ్గర నిలబడినా కనబడుతోంది. ఇంకో బోర్డు కోస్తే మళ్లీ అంతే. బ్లేడు మార్చాను, మూడోదీ పోయింది. ఆ రంగు బోర్డులు బెంగళూరు నుంచి రావాలి. హెడ్ జరిగే స్లైడర్ అరిగిపోయిందనుకుని, కట్టర్ అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "మీరు సరిగ్గా బిగించలేదేమో" అన్నారు, అంతే. ఆ కోపం నాకింకా పోలేదు. రెండు వారాలు టెన్షన్‌తో గడిచాయి. ఆమె ఎప్పుడు ఫోన్ చేస్తుందోనని భయం.

సంగతి కనిపెట్టింది మా నాయన. చూపు తగ్గి కోత పని మానేశారు కానీ షాపుకు వస్తుంటారు. బోర్డును బల్ల మీద పెట్టి మూల వేలితో నొక్కారు. టక్‌మని శబ్దం వచ్చింది. "యాడ పెట్టినావు వీటిని?" అని అడిగారు.

కూలర్ పక్కన పెట్టాను. మా ఊరిది పొడి ఎండ కాబట్టే నీళ్ల కూలర్ ఇక్కడ బాగా పనిచేస్తుంది, మార్చి నుంచి తిరుగుతూనే ఉంటుంది. బోర్డులు గోడకు ఆనించి ఉన్నాయి. తడిగాలి తగిలిన పక్క కాగితం ఉబ్బింది, గోడవైపు పక్క ఉబ్బలేదు, బోర్డు విల్లులా వంగింది. చూస్తే తెలిసేంత కాదు.

బ్లేడు 45 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు బోర్డు ఎంత పైకి లేస్తే కోత అంత పక్కకు జరుగుతుంది. అర మిల్లీమీటరుకు అర మిల్లీమీటరు. నా కట్టర్‌లో హెడ్ ఎత్తు బేస్‌ను, అంటే బోర్డు కింద ఉండే పలకను బట్టి ఉంటుంది, బోర్డు లేచినా అది లేవదు. చేతి కట్టర్‌తో కోసేటప్పుడు మాత్రం బోర్డును అరచేత్తో అదిమి పడతాను. ఒకే బోర్డును రెండు ఎత్తుల్లో కోస్తే ఎట్లా కలుస్తుంది? పూర్తి ఓవల్‌లో మొదలూ చివరా ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి ఇది బయటపడదు. ఆ వేసవిలో కోసిన ఓవల్స్‌లో ఎన్ని ఒక పిసరు వంకరగా పోయాయో అని ఇప్పటికీ మనసులో ఉంది.

కొత్త బోర్డులు రాగానే చెక్క పలకల మధ్య మూడు రోజులు పడుకోబెట్టి, పైన బరువు పెట్టి, తర్వాతే కోశాను. కలిసిన చోట గోరు పెట్టి లాగితే ఎక్కడా తగల్లేదు. పట్టును జిగురు పెట్టకుండా దారంతో కుట్టాను. మౌంట్ మందం మధ్యలో ఉంది కాబట్టి అద్దం జరీకి ఆనదు. ఆమె పటం చూసి ఏమీ అనలేదు. అద్దం మీద పిందె చుట్టూ వేలితో ఒకసారి గీసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

బేస్ మీది ముళ్లు బోర్డును జరగకుండా పట్టుకుంటాయి, వంగినదాన్ని చదును చేయలేవు. తప్పు నా నిల్వదే అయినా దీన్ని కట్టర్ లోపం కిందే లెక్కేస్తాను. నాబ్ కూడా మొదట్లో ఉన్నట్టు లేదు. మూడో మెట్టు కొంచెం లూజైంది, మందం బోర్డుకు ఒక్కోసారి నాలుగో చుట్టు తిప్పాల్సి వస్తోంది. ఎనిమిది మూలల కిటికీకి ఇది అసలు అక్కర్లేదు. 10 అంగుళాల చదరంలో ప్రతి మూల నుంచి రెండు వైపులా 2.93 అంగుళాలు కొలిచి స్కేలు పెట్టి కోస్తే సరిపోతుంది.

నాకు వారానికి మూడు నాలుగు ఓవల్ పనులు వస్తాయి, ఎక్కువగా తాతల కాలం స్టూడియో ఫొటోలు. ఒక బల్ల మొత్తం కట్టర్‌కే వదిలేసే చోటుంది. అందుకని నాకు గిట్టింది. కంప్యూటర్‌తో నడిచే కట్టర్లు పిందెనైనా గీసిచ్చినట్టే కోస్తాయి, కానీ మా షాపు రాబడికి అవి అందవు. మీ దగ్గరికి వచ్చేవి చదరపు కిటికీలే అయితే ఇది కొనమని నేను చెప్పలేను. కొనేటట్టయితే, షాపులో కూలర్ ఉంటే, ముందు బోర్డులు పడుకోబెట్టడానికి దానికి దూరంగా ఒక అల్మారా చూసుకోండి.